రెండో తాళంచెవి

మొన్న ఆగస్టు మొదటి శనివారం పొద్దున్నే మా బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, ఖాళీయేనా? స్టోరేజ్ చూడ్డానికి వెళ్ళాలి, నువ్వూ రా" అన్నాడు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉన్న ఇల్లు అమ్మేశాడు. కట్టిస్తున్న ఇల్లు చేతికి రావడానికి ఇంకా టైముంది, అందాకా అపార్ట్‌మెంట్. "మూడు నెలలే బావా" అని నేను అడక్కుండానే రెండుసార్లు అన్నాడు. మా ఆవిడ పక్క నుంచి వినేసి నావైపు చూసి నవ్వింది. మా ఇంట్లో "మూడు నెలలే" అనే మాటకి ఒక చరిత్ర ఉంది, కాసేపట్లో చెప్తాను.

స్టోరేజ్ అంటే ఇంట్లో పట్టని సామాను దాచుకోవడానికి గదులు నెల అద్దెకిచ్చే చోటు. ఆఫీసు చల్లగా, శుభ్రంగా ఉంది. గోడ మీద పచ్చటి ఆకు బొమ్మతో పెద్ద పోస్టరు. కప్పు మీద సోలార్ పలకలు పెట్టాం, మనిషి వస్తేనే వెలిగే ఎల్‌ఈడీ లైట్లు పెట్టాం, మా పెట్టెలు రీసైకిల్ చేసిన అట్టతో తయారైనవి అని రాసుంది. ఒక మూల వాడేసిన అట్టపెట్టెలు దొంతర పెట్టి ఉన్నాయి, కావలసినవాళ్ళు ఊరికే పట్టుకెళ్ళొచ్చు. "పర్లేదు బావా, బాగానే ఎకో ఫ్రెండ్లీగా ఉన్నారు" అన్నాడు వాడు. గదులు చూసి వస్తూ కారు వెనక్కి తిప్పుకుంటుంటే డంప్‌స్టర్, అంటే చెత్త వేసే పెద్ద ఇనప తొట్టి కనబడింది. దాని చుట్టూ ఇనప కంచె, కంచెకి తాళం, తాళం పైన బోర్డు: ఇక్కడ సామాను పారేస్తే జరిమానా.

ఆ పోస్టరు, ఈ తాళం రెండూ ఒకే కంపెనీవి. వాళ్ళ పచ్చదనమంతా భవనానికే సరిపోయింది, లోపలున్న సామాను దాకా రాలేదని నా గొడవ.

వాళ్ళకి రావలసిన మార్కులు ముందు వేసేద్దాం. అమెరికాలో ఇలాంటి కేంద్రాలు 50,000 పైనే ఉన్నాయి. జాగా అంతా కలిపితే 200 కోట్ల చదరపు అడుగులకి అటూ ఇటూగా ఉంటుంది, తలకి ఆరు చదరపు అడుగుల లెక్క. పదిళ్ళలో ఒకరికి ఎక్కడో ఒక గది అద్దెకి ఉంటుంది. పబ్లిక్ స్టోరేజ్ కంపెనీ 1972లో కాలిఫోర్నియాలోని ఎల్ కహోన్ అనే ఊళ్ళో ఒక్క కేంద్రంతో మొదలైంది, ఇప్పుడు దాని కాషాయ రంగు తలుపులు కనబడని పెద్ద ఊరు లేదు. ఇంత జాగా ఉన్నా, ఆఫీసులతోనో హోటళ్ళతోనో పోలిస్తే చదరపు అడుగుకి అయ్యే కరెంటు తక్కువ. లోపల మనుషులుండరు కాబట్టి నీళ్ళ వాడకమూ తక్కువే. బల్లపరుపు కప్పులు, మీద నీడ పడదు, సోలార్‌కి అంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది? పబ్లిక్ స్టోరేజ్, ఎక్స్‌ట్రా స్పేస్ లాంటి పెద్ద కంపెనీలు వందల కేంద్రాల మీద ఆ పని చేశాయి. సామాను తరలించే ట్రక్కులు అద్దెకిచ్చే యూ-హాల్ కంపెనీ మరో మంచి పని చేసింది. మూతపడిన కేమార్ట్ దుకాణాలు కొని, కూలగొట్టకుండా, లోపల గోడలు లేపి స్టోరేజ్ గదులుగా మార్చింది. ఉన్న కాంక్రీటుని వాడుకోవడం కన్నా పొదుపేముంది? ఒకరు వాడిన పెట్టె ఇంకొకరు పట్టుకెళ్ళే 'టేక్ ఎ బాక్స్, లీవ్ ఎ బాక్స్' పద్ధతీ వాళ్ళదే.

ఏసీ గదుల సంగతి మాత్రం నాకు మింగుడు పడదు. టెక్సాస్ ఎండలో ఎవరూ కూర్చోని సోఫాకి ఇరవై నాలుగ్గంటలూ చల్లగాలి. నేను చదువుకున్న హాస్టల్లో నలుగురికి ఒక ఫ్యానుండేది.

సరే, అట్టపెట్టెల దగ్గరికి వద్దాం. పోస్టరులో వాటికే పెద్ద పీట. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కల్లో 2018లో అట్టపెట్టెల్లో 96.5 శాతం రీసైకిల్ అయ్యాయి. అంటే ఈ దేశంలో ఎవరూ పెద్దగా కష్టపడక్కర్లేకుండానే రీసైకిల్ అయిపోయే వస్తువేదైనా ఉంటే అది అట్టపెట్టె. అదే ఏడాది అదే సంస్థ లెక్కలో జనం వదిలించుకున్న ఫర్నిచర్ కోటీ 21 లక్షల టన్నులు. అందులో 80 శాతం నేరుగా ల్యాండ్‌ఫిల్‌లోకి, అంటే చెత్త పూడ్చే చోటికి పోయింది, మిగతాదాంట్లో ఎక్కువ భాగం తగలబెట్టారు, రీసైకిల్ అయింది నామమాత్రం. స్టోరేజ్ గదుల్లో ఉండేది ఏమిటి? మంచాలు, బల్లలు, సోఫాలు, అరలు. పెట్టె గురించి పోస్టరు వేశారు, పెట్టె పక్కనున్న బల్ల గురించి ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు మా చరిత్ర. 2009 జూలైలో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో నా ప్రాజెక్టు పోయింది. ఆ మాంద్యం గుర్తున్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడికి ప్రాజెక్టు పోతే నిద్ర కూడా దాంతోపాటే పోతుంది. రెండు వారాల టెన్షన్ తర్వాత ఒహాయోలో, కొలంబస్‌లో మూడు నెలల కాంట్రాక్టు దొరికింది. మూడు నెలల కోసం సామానంతా వెయ్యి మైళ్ళు మోసుకెళ్ళడం ఎందుకు, మళ్ళీ ఇక్కడికేగా వచ్చేది అని ఒక టెన్ బై టెన్ గది, అంటే పదడుగులకి పదడుగులది తీసుకున్నాం. నెలకి 79 డాలర్లు. క్వీన్ మంచం, పరుపు, నాలుగు కుర్చీల డైనింగ్ టేబుల్, రెక్సిన్ సోఫా, పుస్తకాల అర, 27 అంగుళాల డబ్బా టీవీ, మా అమ్మాయి క్రిబ్ (పసిపిల్లల కటకటాల మంచం), వెట్ గ్రైండర్, ఇరవై రెండు పెట్టెలు. ఒకదాని మీద ఒకటి పేర్చి షట్టర్ కిందికి లాగి తాళం వేస్తే ప్రాణం హాయిగా అనిపించింది. ఆ హాయికే ఇక్కడ అద్దె కట్టేది.

మూడు నెలల కాంట్రాక్టు ఆర్నెల్లకి పొడిగించారు. తర్వాత ఇంకో ఆర్నెల్లు. ఎప్పుడైనా వెళ్ళిపోవాలి కదా అని మొదట నేల మీద పడుకున్నాం. చలికాలం వచ్చేసరికి మా ఆవిడ ఊరుకోలేదు. మంచం కొన్నాం. తర్వాత బల్ల, తర్వాత టీవీ. ఏడాది తిరిగేసరికి మాకు అన్నీ రెండేసి ఉన్నాయి. ఒకటి కొలంబస్‌లో వాడుకుంటున్నది, ఒకటి ఇర్వింగ్‌లో చీకట్లో ఉన్నది.

2010 ఆగస్టులో మా బామ్మర్ది ఎమ్మెస్‌కి యూటీ డాలస్ యూనివర్సిటీకి వచ్చాడు. రిచర్డ్‌సన్‌లో నలుగురు కుర్రాళ్ళు కలిసి డబుల్ బెడ్‌రూమ్ తీసుకున్నారు. మూడు వారాలు కంఫర్టర్ మడిచి కార్పెట్ మీద వేసుకుని పడుకున్నాడు. తర్వాత ఎవరి కారులోనో ఫ్రిస్కో ఐకియాకి వెళ్ళి మంచం, బల్ల కొన్నాడు. వాడు పడుకున్న చోటికి మా మంచం ఇరవై మైళ్ళ దూరంలో ఉంది! తాళంచెవి కొలంబస్‌లో మా వంటింటి సొరుగులో, ఒకే రింగుకి రెండూ వేలాడుతున్నాయి. ఒకటి కవర్లో పెట్టి పోస్టు చేస్తే డాలరు కూడా అయ్యేది కాదు. నాకు తట్టలేదు, మా ఆవిడకి తట్టలేదు, వాడికీ తట్టలేదు. వాడు ఫోన్లో "కింద పడుకుంటే నడుం పట్టేస్తోంది అక్కా" అంటుంటే మేము జాలిపడ్డాం, అంతే.

ఆ గదికి ఏటా అద్దె పెంచారు. 79, తర్వాత 95, ఆ తర్వాత 118. మొదటి నెల చవగ్గా ఇచ్చి, సామాను కదిలించే బద్ధకం మీద మెల్లగా పెంచుకుంటూ పోవడం ఈ వ్యాపారంలో మామూలే. 118 అయ్యాక గానీ మాకు మెలకువ రాలేదు. నిజానికి ఆ మూడేళ్ళలో పర్యావరణం కోసం వాళ్ళు చేసిన గొప్ప పని అద్దె పెంచడమే అని నేను ఇప్పటికీ అంటుంటాను.

2012 మేలో నాకు మళ్ళీ డాలస్ వైపే, ప్లేనోలో ఉద్యోగం వచ్చింది. మెమోరియల్ డే సెలవుల్లో బామ్మర్ది ఒక పికప్ ట్రక్ పట్టుకొచ్చాడు. షట్టర్ పైకెత్తగానే వేడిగాలి మొహాన కొట్టింది, పాత కార్పెట్, ఎలకల వాసన కలిసిన గాలి. అది ఏసీ లేని రేకుల గది. పరుపుకి ఒక మూల గుప్పెడంత కన్నం, చుట్టూ చిరిగిన దూది. సోఫా రెక్సిన్ మీద వేలు పెడితే అప్పడం పొరలా ఊడి వచ్చింది. పుస్తకాల అర పొట్టు చెక్కది, తేమకి అడుగున ఉబ్బిపోయి, ఎత్తబోతే రెండు ముక్కలైంది. అమ్మాయి బొమ్మల్లో బ్యాటరీలు కారిపోయి తెల్లటి ఉప్పులా గడ్డకట్టాయి. మళ్ళీ మాకు పనికొచ్చింది వెట్ గ్రైండర్ ఒక్కటే. రాయి కదా. బెల్టు మార్చాం, ఇవాళ్టికీ దాంట్లోనే మినప్పప్పు రుబ్బుతున్నాం.

"ఇది ఎవరికిద్దాం బావా?" అని ఒక్కొక్కటీ ఎత్తి చూపించాడు వాడు. ఎవరికిస్తాం? టీవీల ప్రసారాలు 2009 జూన్‌లోనే డిజిటల్‌కి మారిపోయాయి, డబ్బా టీవీ ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు. దాని గాజులో సీసం ఉంటుంది కాబట్టి చెత్తలో వేయకూడదు. ఎలక్ట్రానిక్స్ అమ్మే బెస్ట్ బై వాళ్ళు అప్పట్లో ఉచితంగా తీసుకునేవారు, అక్కడ దింపాం. (2016లో దానికీ 25 డాలర్లు పెట్టారు.) క్రిబ్ మాత్రం కొత్తదానిలా ఉంది. పాత వస్తువులు తీసుకునే ఒక దుకాణానికి పట్టుకెళ్ళాం. అక్కడ పనిచేసే పెద్దావిడ ముందు ముచ్చటపడింది. తర్వాత ఒక పక్క కటకటాన్ని పట్టుకుని కిందికి నొక్కింది. అది టక్కుమని దిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పక్క కటకటం కిందికి దిగే క్రిబ్‌లు 2011 జూన్ 28 నుంచి అమ్మకూడదట, దానంగా కూడా తీసుకోమంది. ఇంకెవరూ ఏరుకుని వాడకుండా విడదీసి పారేయమని చెప్పింది. పార్కింగ్‌లో కూర్చుని మరలు విప్పాం. ఒకందుకు మంచిదే అయింది. ఊడిన కటకటానికీ పరుపుకీ మధ్య ఇరుక్కుని పసిపిల్లలు పోయారనే ఆ నిషేధం వచ్చింది. కాబట్టి క్రిబ్‌ని నా ఫిర్యాదులోంచి తీసేస్తున్నాను. మిగతావి చాలు.

స్టోరేజ్‌లో వెనకున్న డంప్‌స్టర్‌కి అప్పుడూ తాళమే. పరుపు, సోఫా, విరిగిన అర ట్రక్‌లో వేసుకుని ల్యాండ్‌ఫిల్‌కి వెళ్ళాం. గేటు దగ్గర వేబ్రిడ్జి. ట్రక్‌తో సహా తూచారు, ఖాళీ చేసి వచ్చాక మళ్ళీ తూచారు. ఆ ఊళ్ళో ఇల్లున్నవాళ్ళు నీళ్ళ బిల్లు చూపిస్తే ఊరికే వేయొచ్చు. మాకు ఊరూ అది కాదు, నీళ్ళ బిల్లూ లేదు. నలభై డాలర్ల చిల్లర కట్టి రసీదు తీసుకున్నాం.

ఆ రసీదు పట్టుకుని ట్రక్‌లో కూర్చుంటే నాకు తెనాలిలో మా వీధి గుర్తొచ్చింది. "పాత ఇనప సామాన్లు, పాత పేపర్లు కొంటాం" అని అరుచుకుంటూ తోపుడుబండి వచ్చేది. మా అమ్మ అరుగు మీద నిలబడి, తక్కెడ మోసమేమోనని ముల్లు వంక కళ్ళార్పకుండా చూస్తూ బేరమాడేది. అక్కడా తూకమే, ఇక్కడా తూకమే. అక్కడ తూచి వాడు మాకు డబ్బులిచ్చేవాడు. ఇక్కడ తూచి మా దగ్గర తీసుకున్నారు. మా ఇల్లేదో పర్యావరణ పుణ్యక్షేత్రమని కాదు. మా అమ్మ అటక మీద ఒక కాలిపోయిన మిక్సీ ఇరవై ఏళ్ళుంది. ఆ బండివాడు కొన్న వైర్లు ఎక్కడో తగలబెట్టి రాగి తీసేవాళ్ళని కూడా తర్వాత తెలిసింది. అయినా అటకకి ఒక హద్దుంటుంది. నిండాక ఇంకో బిందె పెట్టాలంటే ఏదో ఒకటి దించాల్సిందే, దించినదాన్ని పట్టుకెళ్ళడానికి గుమ్మంలోకే మనిషి వచ్చేవాడు. స్టోరేజ్‌లో ఆ హద్దు లేదు. నిండితే టెన్ బై ఫిఫ్టీన్ చూపిస్తారు.

లెక్క కూడా చెప్తాను. ముప్ఫై నాలుగు నెలలకి మేము కట్టింది 3,268 డాలర్లు. పెట్టిన రోజు ఆ సామానంతా అమ్మితే పదిహేను వందలు వచ్చేవేమో. డబ్బు పోతే పోయింది, మా బుద్ధి తక్కువ. నన్ను ఇప్పటికీ పీకేది వేరే సంగతి. 2009 జూలైలో ఆ మంచం, బల్ల, అర, సోఫా అన్నీ ఎవరికో ఒకరికి పనికొచ్చేవి. 2012లో ఏవీ పనికిరాలేదు. మధ్యలో వాటిని ఎవరూ వాడలేదు, అరగదీయలేదు. వాటి బదులు కొలంబస్‌లో మేము ఒక మంచం, రిచర్డ్‌సన్‌లో వాడు ఒక మంచం కొత్తవి కొన్నాం. రెండు మంచాలతో పోయేదానికి మూడు మంచాల చెట్లు కొట్టారు. కప్పు మీద ఎన్ని సోలార్ పలకలు పెడితే ఇది సర్దుబాటవుతుంది?

అద్దె కట్టలేనివాళ్ళ సామాను కథ కూడా చివరికి ఇంతే. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 59వ అధ్యాయం ప్రకారం నోటీసిచ్చి, ఆ గదిలోని సామానుని వేలం వేయొచ్చు. పాడుకున్నవాడు రెండు మూడు రోజుల్లో గది ఊడ్చి అప్పగించాలి. అమ్ముడుపోయేవి ఏరుకుంటాడు. మిగతాదానికి తీరిగ్గా మనుషుల్ని వెతికే టైము వాడికెక్కడిది? అదీ ఆ వేబ్రిడ్జి ఎక్కాల్సిందే.

ఇదంతా మనసులో పెట్టుకునే మొన్న ఆఫీసులో మేనేజరమ్మని అడిగాను. అట్టపెట్టెలకి ఒక మూల పెట్టారు కదా, కుర్చీలకీ బల్లలకీ కూడా ఒకటి పెట్టొచ్చుగా అని. ఆవిడ నవ్వేసింది. ఒకసారి పెట్టి చూశారట. వారంలో ఎవరెవరివో విరిగిన ఫ్యాన్లు, మరకల పరుపులు, సగం వాడిన పెయింటు డబ్బాలు వచ్చి పడ్డాయట. పరుపుల్లోంచి నల్లులు పక్క గదులకి పాకితే కస్టమర్లు కేసులు వేస్తారంది. డంప్‌స్టర్‌కి తాళం లేకపోతే ఊరందరి చెత్తా రాత్రికి రాత్రి అందులో ఉంటుందంది. ఆవిడ మాటలో అబద్ధమేం లేదు.

కానీ నల్లుల భయమున్నది పరుపులకీ సోఫాలకీ గానీ, స్టీలు కుర్చీలకీ చెక్క బల్లకీ రైస్ కుక్కర్‌కీ ఎందుకు? పరుపులు వద్దని చెప్పేయొచ్చు. ఏ స్టోరేజ్‌లోనైనా కొన్ని గదులు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి, వాటిలో ఒకటి కెమెరా ఉన్న వరసలో, ఆఫీసు తెరిచున్న గంటల్లోనే తీసి పెట్టొచ్చు. పాత సామాను దానంగా తీసుకుని అమ్మే హ్యాబిటాట్ రీస్టోర్ లాంటి దుకాణాల వాళ్ళు ఇళ్ళకే ట్రక్ పంపి బాగున్న ఫర్నిచర్ పట్టుకెళ్తారు. ఇంటికి వచ్చేవాళ్ళు నెలకోసారి స్టోరేజ్‌కి రారా? ఇక అద్దె పెంచుతున్నామని ఏటా ఈమెయిల్ పంపిస్తారు చూడండి, అందులో ఇంకొక్క వాక్యం చాలు: ఇప్పటిదాకా మీరు ఈ గదికి ఇంత కట్టారు. మాకు అలాంటి ఈమెయిల్ మొదటి ఏడాదే వచ్చి ఉంటే ఆ మంచం రిచర్డ్‌సన్‌లో ఉండేది.

ఆ వాక్యం వాళ్ళు రాయరని నాకూ తెలుసు. సామాను కదలకపోవడమే వాళ్ళ రాబడి. "మేము జాగా అద్దెకిస్తాం, లోపలిదానితో మాకు సంబంధం లేదు" అని ఒప్పందంలో ముందే రాసుకుంటారు. వ్యాపారానికి అది సరే. పచ్చటి ఆకు బొమ్మ వేసుకున్నాక మాత్రం లోపలిదానితో సంబంధం లేదనడం కుదరదని నేనంటాను.

ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఈ వ్యాపారం పెరుగుతోంది. కొండాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఫ్లాట్ ఖాళీ చేసి ఆన్‌సైట్‌కి వెళ్ళేవాళ్ళు సామాను గోడౌన్లో పెట్టి వెళ్తున్నారు. అక్కడ పద్ధతి వేరు. కంపెనీ మనుషులే ఇంటికొచ్చి, ఒక్కొక్క వస్తువూ చేత్తో పట్టుకుని, బబుల్ రాప్ చుట్టి, లిస్టు రాసుకుని పట్టుకెళ్తారు. అమెరికాలో షట్టర్ వెనక ఏముందో కంపెనీకి తెలీదు, అక్కడ తెలుసు. "ఇది దాచుకోవాలా, ఇచ్చేయాలా సార్?" అని అడగడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. వీధిలోనేమో రికార్డు చేసిన కేకతో పాత సామాన్ల ఆటో ఇంకా తిరుగుతూనే ఉంది. మన కంపెనీలు ఈ రెంటినీ కలపకుండా ఇక్కడి పోస్టరుని మాత్రం కాపీ కొడతాయేమోనని నా భయం.

బామ్మర్ది ఆ రోజు గది తీసుకోలేదు. ఇంటికి తీసుకెళ్ళి గరాజ్‌లో సామానంతా చూపించాడు. పిల్లల చదువు బల్లలు రెండు, ఆఫీసు కుర్చీ, ఎక్స్‌ట్రా మంచం, మైక్రోవేవ్, ఎవరో గృహప్రవేశానికిచ్చిన డిన్నర్ సెట్. "ఒరేయ్, ఇది ఆగస్టు" అన్నాను. వాడు ఒక్క క్షణం నావైపు చూసి ఫోన్ తీశాడు. యూటీ డాలస్ తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టించాడు. సాయంత్రానికి ఇద్దరు కుర్రాళ్ళు ఎవరిదో పాత కరోలా వేసుకుని వచ్చారు. ఒకడిది ఖమ్మం, ఒకడిది భీమవరం. దేశంలో దిగి ఆరు రోజులైందట. బల్లని తిరగేసి కారు మీద పెట్టి తాడుతో కట్టారు, కాళ్ళు నాలుగూ ఆకాశంలోకి. టోల్ రోడ్డు ఎక్కొద్దు, లోపలి దారిన మెల్లగా పొండి అని నాలుగుసార్లు చెప్పాం. మంచానికి మర్నాడు మళ్ళీ వచ్చారు. "అంకుల్, ఎంతివ్వాలి?" అని నన్నడిగారు. బామ్మర్దిని అన్నా అన్నారు, నన్ను అంకుల్ అన్నారు, అది వేరే బాధ.

డిన్నర్ సెట్ ఇవ్వడానికి బామ్మర్ది వాళ్ళావిడ ఒప్పుకోలేదు. సోఫా కొత్తిల్లు దాకా కావాలంది. అన్నీ పోగా టెన్ బై ఫిఫ్టీన్ అనుకున్నది ఫైవ్ బై టెన్‌కి దిగింది. సోమవారం వెళ్ళి తీసుకున్నాం. ఆఫీసులో అమ్మిన గుండ్రటి తాళంతో రెండు చెవులిచ్చారు. ఒకటి వాడు జేబులో వేసుకున్నాడు. రెండోది నేను అడిగి తీసుకున్నాను, నా కారు తాళాల రింగుకి తగిలించాను.